మా పెరట్లో ఉన్నది మృత్యుబావి కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ పత్రిక విజయవాడ పేజీలో, అడుగున ఎడమ పక్క, రెండు కాలాల వార్త ఒకటి వేశారు. ‘ఇళ్ల మధ్య మృత్యుబావి’ అని శీర్షిక. సింగ్ నగర్‌లో ఒక పెద్దాయన పెరట్లో పదిహేను అడుగుల ఇనుప కట్టడం లేపి, కుర్రాళ్ల చేత బైకు స్టంట్లు చేయిస్తూ డబ్బులు వసూలు చేస్తున్నాడని రాశారు. ఆ పెద్దాయన్ని నేనే. రాసిన అబ్బాయి మా గేటు దాకా వచ్చి, గోడ మీంచి ఫోన్ పైకెత్తి ఫొటో తీసుకుని వెళ్లిపోయాడని మా ఆవిడ చెప్పింది. లోపలికి వచ్చి ఉంటే మజ్జిగైనా ఇచ్చేది.

ఆ వార్తలో నిజం ‘సింగ్ నగర్’ అన్న మాట ఒక్కటే. మాది ఇనుము కాదు, కర్ర. పదిహేను అడుగులు కాదు, నాలుగు. టేపు పెట్టి చెబుతున్నాను. అక్కడ తిరిగేవి బైకులు కావు, బీఎంఎక్స్ సైకిళ్లు. ఇరవై అంగుళాల చక్రాలు, మీ పేపరు వేసే కుర్రాడి సైకిల్ కంటే చిన్నవి. ఇక వసూళ్లంటారా, ఇప్పటిదాకా ముట్టినవి డజను అరటిపళ్లు, ఒక హార్లిక్స్ సీసా. అవి కూడా మా మనవడికి చెయ్యి విరిగినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లు తెచ్చినవి. ఆ చెయ్యి సంగతి దాచిపెట్టను, చెబుతాను.

నాకు 67 ఏళ్లు. ఏడో తరగతితో బడి మానేసి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేరాను. నలభై నాలుగేళ్లు అదే పని. ఛాసిస్ వచ్చి షెడ్డులో ఆగిన దగ్గర్నుంచి, పెయింటరు చివర్లో రెండు నెమళ్లు వేసి ‘హారన్ ప్లీజ్’ రాసేదాకా బండి మా చేతుల్లోనే ఉండేది. ఇప్పుడు క్యాబిన్లు ఫ్యాక్టరీ నుంచే వస్తున్నాయి, కర్ర పని తగ్గింది, నాకు మోకాళ్లు కూడా తగ్గాయి. ఇంట్లో కూర్చున్నాను. ఈ ఉత్తరం నేను చెబుతుంటే మనవడు టైపు చేశాడు. ఒలింపిక్స్ సంగతులు వాడివి, వడ్రంగం నాది. మధ్యలో వాడు నా మీద కలిపిన పొగడ్తలు చదివించుకుని తీయించేశాను.

వాడు మా అమ్మాయి కొడుకు. 2024 వేసవి సెలవుల్లో మా వీధి చివర వీడూ ఇంకో ముగ్గురూ ఇటుకలు పేర్చి, వాటికి సెంట్రింగ్ పలక ఏటవాలుగా ఆనించి, దాని మీంచి సైకిళ్లు ఎగిరిస్తున్నారు. ఒక సాయంత్రం నేను పాల ప్యాకెట్ పట్టుకుని వస్తుండగా మావాడు పలక ఎక్కాడు, కింద ఇటుక జారింది. వాడొక పక్క, సైకిల్ ఒక పక్క. సైకిల్ వెళ్లి ఆటో ముందు పడింది. ఆ ఆటో అబ్బాయి బ్రేకు మీద నిలబడబట్టి సరిపోయింది. చెవి మెలిపెట్టి ఇంటికి లాక్కొచ్చాను. మర్నాడు చూస్తే అదే పలక, అవే ఇటుకలు, కాకపోతే పక్క వీధిలో. ఇది తిడితే ఆగేది కాదని అర్థమైంది. “ఒరేయ్, జన్మంతా కర్రపని చేసినవాడు ఇంట్లో ఉండగా ఇటుకల మీద పలకేమిట్రా? నీకేం కావాలో చూపించు” అన్నాను. ఫోన్ తీసి చూపించాడు.

దాన్ని హాఫ్ పైప్ అంటారు. పెద్ద సిమెంటు తూమును నిలువునా చీల్చి అరముక్కను వెల్లకిలా పడుకోబెట్టినట్టు ఉంటుంది, నడుమ కాస్త చదును. ఇటు వంపు దిగిన సైకిల్ చదును దాటి అటు వంపు ఎక్కుతుంది, పైన మళ్లుకుని ఇటు వస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియాలో 1976–77లో పెద్ద కరువొచ్చి జనం ఇళ్లలోని ఈత కొలనులు ఎండబెట్టుకుంటే, ఆ గుండ్రటి గోడల మీద కుర్రాళ్లు స్కేటుబోర్డులు, సైకిళ్లు తొక్కడం మరిగారట. కొలను దొరకనివాళ్లు పెరట్లో చెక్కతో అలాంటి వంపే కట్టుకున్నారట. అక్కడ నీళ్లు లేక ఊపందుకున్న ఆట ఇది. మా ఇంట్లో నీళ్లొచ్చి ఆగింది.

కట్టడంలో నాకు బాగా నచ్చింది వంపు గీయడం. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లై షీటు, పద్దెనిమిది మిల్లీమీటర్లది, డాబా మీద పరిచాం. మావాడు నూలు దారం, పెన్సిలు తెచ్చాడు. దారం వద్దన్నాను. దారం సాగుతుంది. ఏడడుగుల దారాన్ని లాగి తిప్పితే ఎక్కడో అక్కడ అర అంగుళం మోసం చేస్తుంది. నిటారు రీపరు ఒకటి తీసుకుని, ఒక చివర మేకు దిగేసి, అక్కడికి ఏడడుగుల దూరంలో బెజ్జం వేసి పెన్సిలు దూర్చాను. షీటు పై అంచుకి మూడడుగుల అవతల, ఎడమ అంచుకి సూటిగా, ఆ మేకుని డాబా మీద ఒత్తిపట్టుకుని మావాడు కూర్చున్నాడు. నేను పెన్సిలు కింది మూలన పెట్టి తిప్పాను. గీత మొదట నేలని రాసుకుంటూ పోయి, లేచిందో లేదో తెలియనట్టు లేచి, చివరికి పై అంచుని తాకింది.

ఎక్కడ తాకుతుందో గీయకముందే వాడు లెక్క కట్టి పెట్టాడు. ఏడేళ్ల నలభై తొమ్మిది, మూడు మూళ్ల తొమ్మిది, తీసేస్తే నలభై, దానికి వర్గమూలం ఆరు పాయింటు మూడు రెండు. “ఆరడుగుల నాలుగంగుళాలు తాతయ్యా” అన్నాడు. టేపు పెడితే ఆరడుగుల నాలుగంగుళాలే. పైథాగరస్ అట. షెడ్డులో మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి మేం ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి, ఐమూల అయిదు వస్తే సరే అనుకునేవాళ్లం. అది కూడా ఆయనదేనని మనవడు చెబితే తెలిసింది. ఇన్నేళ్లూ పేరు తెలియకుండానే ఆ మహానుభావుడి అన్నం తిన్నానన్నమాట.

ఏడడుగులే ఎందుకంటే, తిప్పే కర్ర పొట్టిదైతే వంపు గిన్నెలా ముడుచుకుపోయి సైకిల్ ముందు చక్రం గోడని గుద్దుతుంది. మరీ పొడుగైతే గోడ పడుకుంటుంది, పిల్లాడికి ఊపు రాదు. నాలుగడుగుల ఎత్తుకి ఏడు కుదిరింది. మీ వార్తలో ‘నిట్టనిలువు గోడలు’ అన్నారు. పై అంచు దగ్గర కూడా మా గోడ వాలు అరవై అయిదు డిగ్రీలే. అటొక వంపు, ఇటొక వంపు, నడుమ పదడుగుల చదును, వంపుల పైన నిలబడడానికి మూడేసి అడుగుల అరుగు. మొత్తం ఇరవై ఎనిమిదిన్నర అడుగుల పైచిలుకు పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. నేను పాత లారీ కర్ర పేర్చుకునే జాగాలో సరిపోయింది. అరుగులకి ఆ కర్రే వాడాను. మిగతాది కొన్నాను.

అది నిలబడ్డాక మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పెరట్లోకి కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. మావాడు తొక్కడం లేదు, ఊరికే అటూ ఇటూ ఊగుతున్నాడు. పెడలు తిప్పకుండానే ప్రతిసారీ కాస్త ఎత్తుకి ఎలా పోతున్నాడో నాకు అంతుబట్టలేదు. ఆవిడ చూసి చూసి, “ఇది అట్లతద్ది ఉయ్యాల కదండీ” అంది. నిజమే. ఉయ్యాల మీద నిలబడి ఊగే ఆడపిల్లలు పైనుంచి వచ్చేటప్పుడు మోకాళ్లు మడిచి, కిందికొచ్చి మళ్లీ ఎక్కేటప్పుడు లేస్తారు. వీడూ అంతే. వంపులోకి దిగుతూ ముడుచుకుంటున్నాడు, అది పైకి తేలే చోట లేస్తున్నాడు. ఉయ్యాలకి తాడుంటుంది, దీనికి నేల ఉంది. చిన్నప్పుడు చింతకొమ్మ తగిలేలా ఊగానని అప్పుడు చెప్పింది మా ఆవిడ. పెళ్లై నలభై రెండేళ్లు, ఆ సంగతి నాకు తెలియదు.

మృత్యుబావికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది సార్. ఎగ్జిబిషన్లో ఆ బావి మీరూ చూసే ఉంటారు, నిలువు గోడల మీద మోటారు సైకిల్ గిరగిరా తిరుగుతుంది. అందులో వేగం తగ్గితే మనిషి కిందికి వస్తాడు. మా దాంట్లో వేగం తగ్గడమే ఆట. పైకి వెళ్లేకొద్దీ సైకిల్ నెమ్మదించి, అంచు దగ్గర అర క్షణం ఆగి, తనంతట తానే వెనక్కి దొర్లుతుంది. శక్తి లేని పిల్లాడు రెండడుగులే ఎక్కి దిగుతాడు. వాడి స్తోమతుని బట్టే అది వాణ్ని పైకి తీసుకెళుతుంది.

ఇక చెయ్యి. వంపు పై అంచున పొడుగునా ఒక గుండ్రటి పైపు బిగిస్తారు, దాన్ని కోపింగ్ అంటారు. చక్రం అక్కడికి వచ్చినట్టు పిల్లాడికి తెలియాలంటే ఆ పైపు ముఖం నుంచి కాస్త పొడుచుకు రావాలి. కాస్త అంటే పావు అంగుళం, ఆ పైన ఇంకొంచెం. ఆటోనగర్‌లో పాత స్నేహితుడి వెల్డింగ్ షాపు నుంచి రెండంగుళాల పైపు తెచ్చి, గాడి కోసి కూర్చోబెట్టాను. గాడి కావలసినంత లోతు కోయలేదు. పైపు అంగుళం బయటికి నిలిచింది. చూశాను. చూసి, “పర్లేదు, గట్టిగానే ఉంది కదా” అనుకున్నాను. లారీకైతే నిజంగానే పర్లేదు. మావాడు దిగుతుండగా వెనక చక్రం ఆ పైపుకి తగులుకుని ఆగింది. సైకిల్ ఆగినా వాడు ఆగలేదు. కుడి మణికట్టు ఎముక చిట్లింది, మూడు వారాలు కట్టు. అది వాడి తప్పూ కాదు, ఆట తప్పూ కాదు, ఈ మేస్త్రీ తప్పు. మా అమ్మాయి ఫోన్లో నన్నేమీ అనలేదు. “నాన్నా, నువ్వెలా ఉన్నావు?” అని అడిగి ఊరుకుంది. అదే ఎక్కువ.

కట్టు విప్పేలోపు గాడి తిరిగి కోశాను. ఇంకో తప్పు కూడా అప్పుడే బయటపడింది. ప్లై కింద అడ్డకర్రలు అడుగు మీద నాలుగంగుళాలకి ఒకటి వేశాను, లారీ నేలకి అంతకంటే దూరం వేసినా బస్తాలు ఓర్చుకుంటాయి కదా అని. కానీ లారీ నేల పలక మందం వేరు, ఈ ప్లై మందం వేరు. రెండు కర్రల మధ్య ప్లై కిందికి జారి, చక్రం దొర్లుతుంటే బండి పాత రైలు గేటు దాటినట్టు దడదడలాడేది. ఎనిమిది అంగుళాలకి ఒకటి ఉండాలి. ఒక్కో వంపుకి పదమూడు కర్రలు. అది సరిచేద్దామనుకుంటుండగా సెప్టెంబరు వచ్చింది.

ఆ సంగతి మీ పాఠకులకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా ఇళ్లలోకి వచ్చింది. మా ఇంట్లో నడుం దాటింది. డాబా ఎక్కాం. ఎడమ వంపుని సిమెంటు దిమ్మల్లో బోల్టులు పెట్టి బిగించాను, కుడి దానికి ‘వచ్చే వారం’ అనుకున్నాను. కర్ర కదా, కుడి వంపు తేలింది. రాత్రంతా వెళ్లి పక్కింటి పంతులుగారి ప్రహరీకి ఢక్కు ఢక్కుమని కొట్టుకుంటూనే ఉంది. మూడో రోజు ఆయన తన డాబా మీంచి, “మేస్త్రీ, మీ వంపు మా ఇంటికొచ్చేస్తానంటోంది, రానిమ్మంటారా?” అని కేకేశారు. అన్ని కష్టాల్లోనూ ఆ ఒక్కసారే నవ్వాం. కదలని ఎడమ వంపు అరుగు నీళ్లకి జానెడు పైనే ఉండిపోయింది. దాని మీద మా వీధి నల్లకుక్క రెండు రోజులు కూర్చుంది. మాకు పైనుంచి పడిన పులిహోర పొట్లాల్లో సగం దానికి విసిరేవాడు మనవడు. కొన్ని దాని దాకా చేరేవి, కొన్ని బుడమేరుకి.

నీళ్లు తీయడానికి వారం పైనే పట్టింది. బురద కడిగాక చూస్తే ప్లై పొరలు పొరలుగా విచ్చుకుని తాపేశ్వరం మడత కాజాలా ఉంది. అమ్మిన షాపాయన ‘ఎన్నాళ్లు నానినా చెక్కుచెదరదు’ అని ముద్ర చూపించి మరీ ఇచ్చాడు. ఆయన పేరు అనవసరం. చిన్న ముక్క కోసి, మా ఆవిడ పక్కన పడేసిన సత్తు గిన్నెలో వేసి మరిగించాను. మూడు గంటలకే పొర ఊడింది. నీళ్లకి ఓర్చే ప్లైకి వేసే ఐఎస్ 710 ముద్ర అసలుదైతే డెబ్బై రెండు గంటలు మరిగినా జిగురు విడవకూడదు. ప్లై కొనేవాళ్లెవరైనా ముందు ఈ గిన్నె పరీక్ష చేసుకోండి. ముద్ర ఎవరైనా కొడతారు, మరిగే నీళ్లకి మొహమాటం ఉండదు.

రెండోది 2025 వేసవిలో, మావాడి పది పరీక్షలయ్యాక కట్టాం. ఈసారి శ్లాబులకి వాడే షట్టరింగ్ ప్లై, నున్నగా పూత ఉన్నది, తీసుకున్నాను. గిన్నెలో ఒక రోజంతా మరిగించాకే కొన్నాను. తొమ్మిది మిల్లీమీటర్లవి రెండు పొరలు, ఇటుక కట్టినట్టు కింది కీలు మీద పై కీలు పడకుండా. షీటుకీ షీటుకీ మధ్య పాత హాక్సా బ్లేడు పట్టేంత సందు, ఉబ్బినా ఒకదాన్నొకటి లేపుకోకుండా. కోసిన ప్రతి అంచుకీ రెండు చేతుల పెయింటు, ఎందుకంటే ప్లై నీళ్లు తాగేది అంచులోంచే. మేకు ఒక్కటి కూడా కొట్టలేదు, అన్నీ స్క్రూలే, తలలు లోపలికి దిగేలా. మేకు ఎండకి ఎండి వానకి తడిసి ఏదో ఒక రోజు తల ఎత్తుతుంది, ఆ రోజు ఎవరిదో మోకాలు దాని మీద పడుతుంది. అడుగున ఇటుక దిమ్మలు, చెదల మందు. అరుగుల వెనక పైపు రెయిలింగు. ఈసారి రెండు వంపులకీ బోల్టులు.

70 వేలు దాటింది. నా పెన్షన్‌లోది కాదు, నాకు పెన్షనెక్కడిది. పనిముట్లలో నాకిక అక్కర్లేనివి అమ్మాను, మిగతాది అల్లుడు పంపాడు.

శబ్దం గురించి మీ వార్తలో రాసింది అబద్ధం కాదు, అది ఒప్పుకుంటాను. లోపల డొల్ల కాబట్టి మద్దెలలా మోగుతుంది. ఎదురింటామె నైట్ డ్యూటీ నర్సు. ఆవిడ ఒక రోజు వచ్చి, “బాబాయిగారూ, పగలు పడుకుంటే కలలోనూ సైకిళ్లే” అంది. పాత లారీ ట్యూబులు కోసి ఫ్రేము అడుగున పరిచాను, లోపలంతా కొబ్బరి పీచు బస్తాలు కుక్కాను. మోత సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకని వేళలు పెట్టుకున్నాం. సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర, ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది. ఎండాకాలం సాయంత్రాలూ లేవు, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మార్చిలో పరీక్షలకి తాళం. ఇంకా ఇబ్బంది ఉందని ఎవరైనా నా దగ్గరికి వచ్చి చెబితే ఇంకాస్త తగ్గిస్తాను. మీ పత్రిక దాకా వెళ్లక్కర్లేదు.

హెల్మెట్, మోకాలి కవచాలు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వను. మా ఆవిడ కుర్చీ గేటు పక్కనే. పై అరుగు మీంచి ముందు చక్రం గాల్లోకి తోసి దిగడాన్ని డ్రాప్ ఇన్ అంటారు, అన్నిటిలోకీ భయం అదే. వచ్చే తొమ్మిది మంది పిల్లల్లో రెండోసారి కట్టినదాని మీద అందరికంటే ముందు దిగింది పంతులుగారి మనవరాలు, పదకొండేళ్లది. మావాడు అరుగు మీద నిలబడి “వెనక్కి వాలకు, వెనక్కి వాలకు” అని అరుస్తుంటే, “నువ్వు అరవకు అన్నా, నాకు టెన్షన్” అని వాణ్ని కసిరి మరీ దిగింది.

మీరు రాసినట్టు ఇది పనీపాటా లేని ఆకతాయిల స్టంటు కాదు. బీఎంఎక్స్ రేసు 2008 బీజింగ్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఇలాంటి వంపుల మీద చేసే ఫ్రీస్టైల్ పార్క్ పోటీ టోక్యోలో మొదలైంది. ఒక్కొక్కరికి రెండు వంతులు, వంతుకి ఒక్క నిమిషం, రెండిట్లో మంచిదే లెక్క. ఆడవాళ్లలో మొదటి బంగారు పతకం బ్రిటన్ అమ్మాయి షార్లెట్ వర్తింగ్టన్‌ది. మొదటి వంతులో ఆమె కింద పడింది. రెండో వంతులో మళ్లీ అదే ఫీటు చేసి గెలిచింది. చేతి కట్టుతో ఉన్న రోజుల్లో మావాడు ఆ వీడియో ఎన్నిసార్లు పెట్టాడో, నాకే ఆ అమ్మాయి దిగే తీరు కంఠతా వచ్చింది. మగవాళ్లలో గెలిచింది ఆస్ట్రేలియా వాడు లోగన్ మార్టిన్. ఆయన ఒలింపిక్స్‌కి సాధన చేసుకోవడానికి ఇంటి పెరట్లోనే పార్క్ కట్టుకున్నాడు. ఆయనింటికి రిపోర్టర్లు గేటు లోపలికే వెళ్లి ఉంటారు.

మా తొమ్మిది మందిలో ఎవరూ ఒలింపిక్స్‌కి వెళ్లరు. వెళ్లక్కర్లేదు. రోడ్డు మీద ఆటో ముందు పడకుండా ఉంటే నాకు చాలు. కానీ మా పెరడు తొమ్మిది మందికే ఇరుకు. వార్త వచ్చిన మర్నాడు భవానీపురం నుంచి ఇద్దరు, కానూరు నుంచి ముగ్గురు గేటు దగ్గరికి వచ్చారు. మృత్యుబావి అంటే భయపడతారనుకున్నారు మీరు. పిల్లలకి అది అడ్రసైంది. వాళ్లని వెనక్కి పంపాల్సి వచ్చింది. వాళ్లు తిన్నగా ఇంటికి వెళ్లి ఉంటారని నేననుకోను. ఏ కృష్ణ కరకట్ట మీదికో, కొత్తగా వేసిన ఏ బైపాస్ మీదికో వెళ్లి ఉంటారు.

అందుకని మీ పత్రిక ద్వారా నగరపాలక సంస్థని ఒకటి అడుగుతున్నాను. మన ఊళ్లో ఫ్లైఓవర్లకి కొదవ లేదు. వాటి కింద నీడ ఉంటుంది, వాన పడదు, నేల ఎలాగూ సిమెంటే. వంపుకి కావలసినవి ఆ మూడే. అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే ఊళ్లో బర్న్‌సైడ్ వంతెన కింద 1990లో కుర్రాళ్లే ఎవర్నీ అడక్కుండా సిమెంటు కలుపుకుని వంపులు పోసుకోవడం మొదలుపెడితే, తర్వాత ఆ ఊరివాళ్లే ఒప్పుకుని ఉండనిచ్చారు. అంత దూరం ఎందుకు, మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్వార్ అనే పల్లెలో పిల్లల కోసం 2015లో స్కేట్ పార్క్ కట్టారు. పల్లెకి ఉన్నది బెజవాడకి లేదంటే వినడానికి బాగుండదు. ఒక ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు చోటు, చుట్టూ కంచె, ట్రాఫిక్ వైపు గట్టి వల. టెండరు పిలిచి ఎవరికో ఇస్తే ఇచ్చారు, కానీ వంపు గీసే రోజు నన్ను పిలవండి. కూలీ అక్కర్లేదు. ఏడడుగుల రీపరు ఇంకా మా డాబా మీదే ఉంది, మేకుతో సహా. పైపు గాడి మాత్రం నేను చూడందే కోయనివ్వను.

నా పేరు వేయకండి. వేస్తే రేపు గుంటూరు నుంచి కూడా వస్తారు, మా ఆవిడ కుర్చీ పక్కన చోటు లేదు.

మీ రిపోర్టరు అబ్బాయి మీద నాకు కోపం లేదు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి రమ్మనండి, గేటు తీసే ఉంటుంది. నాలుగడుగులో పదిహేనో టేపు తనే పట్టుకుని కొలుచుకోవచ్చు. ఎక్కి చూస్తానంటే చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని రమ్మనండి. హెల్మెట్ మా దగ్గర ఉంది.

ఇట్లు,
లారీ బాడీ మేస్త్రీ, రిటైర్డ్,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ